కొనర్బేషన్: ఊళ్లు కలిసిపోయిన చోటికి పెట్టిన పేరు

వేరువేరుగా పుట్టిన ఊళ్లు దేని దారిన అది పెరిగి, చివరికి ఒకదాని ఇళ్లు ఎక్కడ ఆగాయో, పక్కదాని ఇళ్లు ఎక్కడ మొదలయ్యాయో తెలియనంతగా కలిసిపోతే ఏర్పడే నగర ప్రాంతాన్ని భూగోళ శాస్త్రంలో కొనర్బేషన్ అంటారు. ఒకే నగరం నలుదిక్కులా పెరిగి మహానగరం కావడం వేరు. అలాంటి నగరానికి నడిబొడ్డు ఒకటే ఉంటుంది. శివార్లన్నీ దాన్ని నమ్ముకునే బతుకుతాయి. కొనర్బేషన్‌లో నడిబొడ్డులు అనేకం. ప్రతి ఊరికీ సొంత బజారు, సొంత రైల్వే స్టేషను, సొంత మున్సిపల్ ఆఫీసు, తన పేరు మీద తనకు అభిమానం ఉంటాయి. నీళ్లు, రోడ్లు, మురుగు, ఉద్యోగాలు మాత్రం అన్నిటికీ ఉమ్మడి. ఇలాంటి ప్రాంతాలకు పేరంటూ లేని రోజుల్లో, 1915లో, స్కాట్లాండుకు చెందిన ప్యాట్రిక్ గెడిస్ ఈ మాటను తయారు చేశాడు. లాటిన్‌లో కూడికను తెలిపే ఉపసర్గకు నగరమనే అర్థమున్న ‘ఉర్బ్స్’ను జతచేస్తే వచ్చిన పదమిది.

ఆ తర్వాత వందేళ్లలో ఆ మాట భూగోళ శాస్త్రజ్ఞుల చేతిలోంచి జనాభా లెక్కల అధికారుల చేతిలోకి, అక్కడినుంచి చట్టాల్లోకి వెళ్లింది. చేతులు మారిన ప్రతిసారీ దాని అర్థం కొంత కుంచించుకుపోయింది, లేదా సాగింది. జనం బతుకు ఒక మేర దాకా పరుచుకొని ఉంటే పాలన మరో గీత దగ్గర ఆగిపోవడం అనే చిక్కు మాత్రం మొదటినుంచి చివరిదాకా దాని వెన్నంటే ఉంది.

మాట కంటే ముందు ఆ పరిస్థితి పుట్టింది ఇంగ్లండులో. 1851 జనాభా లెక్కల నాటికే ఇంగ్లండ్, వేల్స్ జనంలో సగానికి పైగా పట్టణవాసులయ్యారు. ఒక పెద్ద దేశంలో అలా జరగడం అదే మొదలు. 1801లో సుమారు పది లక్షల జనం ఉన్న లండన్, 1901 నాటికి శివార్లతో కలిపి 65 లక్షలు దాటింది. ఉత్తరాన లాంకషైర్‌లో నూలు మిల్లులు మాంచెస్టర్ చుట్టూ సాల్ఫోర్డ్, బోల్టన్, బరీ, రోచ్‌డేల్, ఓల్డమ్, స్టాక్‌పోర్ట్ పట్టణాలను ఒకదానికొకటి చేరువ చేశాయి. మాంచెస్టర్‌కూ సాల్ఫోర్డ్‌కూ మధ్య ఉన్నది ఇర్వెల్ అనే చిన్న నది మాత్రమే. వంతెన దాటితే మరో పాలకమండలి, మరో పన్ను. ఆ మాంచెస్టరే తాగునీటి కోసం థర్ల్‌మియర్ సరస్సు దాకా 150 కిలోమీటర్లకు పైగా పొడవున కాలువ తవ్వుకుంది. 1894లో ఆ నీళ్లు ఊరికి చేరాయి. అంటే ఊరి పాలన గీత నది దగ్గరే ఆగిపోగా, దాని దాహం మాత్రం కొండలు దాటి వెళ్లింది.

బర్మింగ్‌హామ్ పక్కన బొగ్గు గనులు, ఇనుప కొలుములు నిండిన డడ్లీ, వుల్వర్‌హాంప్టన్, వాల్సాల్ పట్టణాలదీ ఇదే కథ. వీటన్నిటికంటే స్పష్టమైన ఉదాహరణ కుండలు, పింగాణీ పాత్రలు చేసే స్టాఫర్డ్‌షైర్ ప్రాంతంలో కనిపిస్తుంది. టన్‌స్టాల్, బర్స్‌లెమ్, హాన్లీ, స్టోక్, ఫెంటన్, లాంగ్టన్ అనే ఆరు పట్టణాలు ఒకే బంకమట్టి మీద, ఒకే బొగ్గు మీద, ఒకే పని మీద బతికేవి. సీసాల ఆకారంలో ఉండే ఇటుక బట్టీలు ఆరింటిలోనూ ఇళ్ల మధ్యే పొగలు కక్కేవి. 1910లో ఈ ఆరూ కలిసి స్టోక్-ఆన్-ట్రెంట్ అనే ఒకే పట్టణమయ్యాయి. ఆ ప్రాంతంవాడే అయిన నవలాకారుడు ఆర్నల్డ్ బెనెట్ తన కథల్లో వాటిని అయిదు ఊళ్లుగానే రాసి, ఫెంటన్‌ను వదిలేశాడు. ఫెంటన్ వాళ్లు ఆ సంగతి చాలాకాలం మరిచిపోలేదు. కలిసిపోయిన ఊళ్లలో ఒక్కొక్క ఊరి అభిమానం ఎంత గట్టిగా నిలుస్తుందో దీన్ని బట్టి తెలుస్తుంది.

పాలకులకు ఈ మార్పు కనపడలేదని కాదు. లండన్ పోలీసు జిల్లాను 1829లోనే నగర పాలనతో సంబంధం లేకుండా విశాలంగా గీశారు. పదేళ్ల తర్వాత ఇంకా పెంచారు. దొంగ మున్సిపల్ హద్దు దగ్గర ఆగడు కదా. ఆ పోలీసు జిల్లానే పందొమ్మిదో శతాబ్దం చివర్లో ‘గ్రేటర్ లండన్’ పేరుతో జనాభా లెక్కల్లోకి వచ్చింది. ఇవాళ మన ఊళ్లకు తగిలించుకునే ‘గ్రేటర్’కు మూలం అక్కడే ఉంది.

గెడిస్ 1854లో బాలటర్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. చదివింది జీవశాస్త్రం, థామస్ హక్స్‌లీ దగ్గర శిష్యరికం చేశాడు. మెక్సికోలో ఉండగా చూపు దెబ్బతిని కొన్నాళ్లు చీకటి గదిలో గడపాల్సి వచ్చింది. సూక్ష్మదర్శిని ముందు కూర్చునే పనికి కళ్లు సహకరించవని తేలాక, ఆయన ఆసక్తి మొక్కలనుంచి క్రమంగా మనుషుల ఊళ్ల మీదికి మళ్లింది. డండీలో వృక్షశాస్త్ర ఆచార్యుడిగా పనిచేస్తూనే ఎడిన్‌బరోలోని పాత మురికివాడలో భార్యతో కాపురం పెట్టి, కూలిపోతున్న ఇళ్లను ఒక్కొక్కటీ బాగుచేయించాడు. 1892లో అక్కడి కోటకు దగ్గర్లో ‘అవుట్‌లుక్ టవర్’ అనే ప్రదర్శనశాల నెలకొల్పాడు. దాని పై అంతస్తులో అద్దాల సాయంతో ఊరంతా ఒక తెల్లని బల్ల మీద పడి కదులుతూ కనిపించేది. చూసేవాడు అక్కడినుంచి ఒక్కో అంతస్తూ దిగుతూ ఎడిన్‌బరోను, స్కాట్లాండును, ఐరోపాను, చివరికి ప్రపంచాన్ని తెలుసుకునేవాడు. ఊరిని చుట్టూ ఉన్న కొండ, నది, గని, పొలం, రేవులతో కలిపి చూడాలే తప్ప గోడ కట్టినట్టు విడదీసి చూడకూడదన్నది ఆయన పట్టుదల.

‘సిటీస్ ఇన్ ఎవల్యూషన్’ అనే పుస్తకం 1915లో వెలువడింది. అందులో గెడిస్ బ్రిటన్ జనసాంద్రత పటాన్ని ముందు పెట్టుకొని చదువుతాడు. జిల్లాల రంగులు చూడొద్దనీ, జనం చిక్కగా ఉన్న మచ్చలు చూడమనీ చెబుతాడు. అలా చూసినప్పుడు లండన్ ఆయనకు సముద్రంలో తోచినట్టల్లా పెరిగే పగడపు దిబ్బలా కనిపించింది. లివర్‌పూల్ నుంచి మాంచెస్టర్ దాకా పరుచుకున్న మచ్చకు ‘లాంకాస్టన్’ అని, బర్మింగ్‌హామ్ ప్రాంతానికి ‘మిడ్‌లాండ్‌టన్’ అని, గ్లాస్గో నుంచి ఎడిన్‌బరో వైపు సాగే ప్రాంతానికి ‘క్లైడ్-ఫోర్త్’ అని పేర్లు పెట్టాడు. ఆ పేర్లలో ఒక్కటీ నిలవలేదు. వాటన్నిటికీ కలిపి పెట్టిన సామాన్య నామం నిలిచింది. నక్షత్రమండలం అందామంటే వాటిలో అంత అందం లేదనీ, గుట్టగా పడిన పోగు అంటే నిజానికి దగ్గరే గానీ చిన్నచూపు అవుతుందనీ తర్కించుకొని, చివరికి కొనర్బేషన్ దగ్గర ఆగాడు.

ఆయన దృష్టిలో ఆ మాట కేవలం ఇళ్ల వరసకు పేరు కాదు. ఆ మచ్చలన్నీ దాదాపు బొగ్గు గనుల మీదే ఎందుకున్నాయన్నది ఆయన అసలు ప్రశ్న. బొగ్గు, పొగ, ఇరుకిళ్లు, చవక కూలీ మీద ఆధారపడ్డ మొదటి యంత్రయుగం ఈ ఊళ్లను ఇలా అతికించిందనీ, విద్యుత్తు వస్తే వాటిని ఇంకోలా, చెట్టూ చేమా మిగిలేలా అమర్చుకోవచ్చనీ ఆయన ఆశ. ఊళ్ల మధ్య ఇంకా మిగిలిన పచ్చని చీలికలను కాపాడాలనీ, నీటి వనరులను ప్రాంతమంతటికీ కలిపి చూసుకోవాలనీ వాదించాడు. అదే పుస్తకంలో సముద్రం అవతలికి చూసి, అమెరికా అట్లాంటిక్ తీరం పొడవునా అయిదువందల మైళ్ల మేర ఒకే నగరపు వరస ఏర్పడే రోజు ఎంతో దూరంలో లేదని ఊహించాడు. ఆ ఊహకు రుజువు రావడానికి దాదాపు యాభయ్యేళ్లు పట్టింది.

పుస్తకం అచ్చయ్యే సమయానికి గెడిస్ భారతదేశంలో ఉన్నాడు. మద్రాసు గవర్నర్ లార్డ్ పెంట్‌లాండ్ పిలుపు మీద, తన నగర ప్రదర్శనతో 1914లో ఇక్కడికి బయలుదేరాడు. పటాలు, చిత్రాలు, నమూనాలు మరో ఓడలో వస్తున్నాయి. ఆ ఏడాది సెప్టెంబర్ 22 రాత్రి మద్రాసు రేవులోని నూనె ట్యాంకుల మీద గుండ్లు కురిపించిన జర్మన్ యుద్ధనౌక ఎమ్డెన్, అక్టోబర్‌లో ‘క్లాన్ గ్రాంట్’ అనే సరుకుల ఓడను పట్టుకొని ముంచేసింది. ఏళ్ల తరబడి గెడిస్ పోగుచేసిన ప్రదర్శన అంతా అందులోనే ఉంది. ఇంగ్లండులోని మిత్రులు హడావిడిగా మరో ప్రదర్శన కూర్చి పంపగా, 1915 జనవరిలో మద్రాసు సెనేట్ హౌస్‌లో అది తెరుచుకుంది. కోస్తా, రాయలసీమ జిల్లాలన్నీ మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజులవి. ఆ తర్వాత కొన్నేళ్లకు వచ్చిన 1920 నాటి మద్రాసు టౌన్ ప్లానింగ్ చట్టమే రాష్ట్రాలు మారినా ఆంధ్ర ప్రాంతంలో పట్టణ ప్రణాళికకు ఆధారంగా కొనసాగింది.

గెడిస్ మన దేశంలో ఏళ్ల తరబడి తిరిగి అనేక పట్టణాల మీద నివేదికలు రాశాడు. 1919లో బొంబాయి విశ్వవిద్యాలయంలో సమాజశాస్త్ర ఆచార్యుడయ్యాడు. పాత బస్తీ మీదుగా తిన్నని రోడ్డు వేసి ఇళ్లు కూలగొట్టే ఇంజనీర్లతో ఆయనకు ఎక్కడికక్కడ పేచీ. అయితే ఇక్కడ ఆయన రాసిన వాటిలో గుడి వీధులు, చెరువులు, ఇరుకు సందుల గురించి ఉన్నంతగా కొనర్బేషన్ ప్రసక్తి లేదు. అప్పటి మన ఊళ్లకు ఆ మాట అవసరం పడలేదు. ఒక్క కలకత్తా దగ్గరి హుగ్లీ నది తీరం మినహాయింపు అనుకోవచ్చు.

ఇంగ్లండులో ఆ మాటకు కొలత కట్టిన వాడు లండన్ యూనివర్సిటీ కాలేజీ భూగోళ శాస్త్రజ్ఞుడు సి. బి. ఫాసెట్. 1931 జనాభా లెక్కల ఆధారంగా మరుసటి ఏడాది రాసిన వ్యాసంలో, ఇళ్లు, ఫ్యాక్టరీలు, రేవులు, పార్కులు ఎడతెగకుండా సాగి, మధ్యలో పల్లె నేల అడ్డం రాని ప్రాంతమే కొనర్బేషన్ అని నిర్వచించాడు. నాలుగువైపులా ఇళ్లు కమ్మేసిన పొలం ముక్క మధ్యలో చిక్కుకుంటే అది కూడా లెక్కలోకే వస్తుందన్నాడు. నిర్వచనం పనికొచ్చేదే. కానీ గెడిస్ చెప్పిన బొగ్గు, నది, నీళ్లు, పని ఇందులోంచి జారిపోయాయి. కంటికి కనిపించే ఇటుక గోడల కొనసాగింపు మాత్రమే మిగిలింది. పటం మీద గీయడానికి సులువని ఈ అర్థమే గెలిచింది, దానితో నష్టం కూడా జరిగింది.

1951 జనాభా లెక్కలు ఆ మాటను సర్కారు పుస్తకాల్లోకి ఎక్కించాయి. గ్రేటర్ లండన్, ఆగ్నేయ లాంకషైర్, పశ్చిమ మిడ్‌లాండ్స్, పశ్చిమ యార్క్‌షైర్, మెర్సీసైడ్, టైన్‌సైడ్, స్కాట్లాండులో మధ్య క్లైడ్‌సైడ్ అని బ్రిటన్‌లో ఏడు కొనర్బేషన్లను ప్రకటించారు. ఇక్కడ ఇంకో సర్దుబాటు జరిగింది. అంకెలు మున్సిపాలిటీల వారీగానే దొరుకుతాయి కాబట్టి, ఈ ఏడింటినీ పూర్తి మున్సిపాలిటీలను పక్కపక్కన పేర్చి కట్టారు. ఏ గీతలను దాటి చూడడానికి ఆ మాట పుట్టిందో, తిరిగి ఆ గీతల మీదనే దాన్ని నిలబెట్టారన్నమాట.

ఈలోగా కొనర్బేషన్ అన్నది అరికట్టాల్సిన జబ్బు అనే భావన బలపడింది. 1940లో బార్లో కమిషన్ పెద్ద నగరాల్లోకి పరిశ్రమలు, జనం వచ్చిపడడం దేశానికి మంచిది కాదని తేల్చింది. 1938లో లండన్ చుట్టూ ఆకుపచ్చ పట్టీ కోసం చట్టం వచ్చింది. పాట్రిక్ అబర్‌క్రాంబీ 1944లో తయారు చేసిన గ్రేటర్ లండన్ ప్రణాళిక ఆ పట్టీకి అవతల కొత్త ఊళ్లు కట్టమంది. ఊళ్లు ఒకదాన్నొకటి అంటుకోకుండా మధ్యలో పొలాలు ఉంచాలన్న నియమం 1950ల తర్వాత దేశమంతా పాకింది. ఇప్పటికే అంటుకున్న వాటికి మాత్రం ఉమ్మడి పాలన కావాల్సి వచ్చింది. 1965లో గ్రేటర్ లండన్ కౌన్సిల్, 1974లో మాంచెస్టర్, మెర్సీసైడ్, బర్మింగ్‌హామ్ తదితర ప్రాంతాలకు ఆరు మెట్రోపాలిటన్ కౌంటీలు ఏర్పడ్డాయి. గెడిస్ గుర్తించిన అరవయ్యేళ్లకు కొనర్బేషన్లకు పాలకమండళ్లు దక్కాయి. కేంద్ర ప్రభుత్వంతో తగువు ముదిరి 1986లో ఏడు కౌన్సిళ్లనూ ఒక్కసారే రద్దు చేశారు. బస్సులు, అగ్నిమాపక దళాలు, చెత్త వంటి పనులు మాత్రం విడదీయడానికి వీల్లేక ఉమ్మడి బోర్డుల కిందే నడిచాయి.

కొనర్బేషన్ అనే మాటకు నిండుగా సరిపోయే చోటు మాత్రం జర్మనీలోని రూర్ లోయ. ఎసెన్, డోర్ట్‌మండ్, బోకుమ్, గెల్సెన్‌కిర్షెన్, డూయిస్‌బర్గ్, ఓబర్‌హౌసెన్ వంటి పట్టణాలు అక్కడ బొగ్గు పొరల వెంబడి పెరిగాయి. ఏ ఒక్కటీ మిగతావాటికి రాజధాని కాదు. ఆ ఊళ్ల మురుగంతా మోసింది ఎమ్షర్ అనే చిన్న నది. భూమి కింద గనులు తవ్వుతుంటే పైన నేల కుంగుతూ ఉండేది. మురుగు గొట్టాలు వేస్తే పగిలిపోయేవి. అందుకని నదినే తెరిచిన మురుగు కాలువలా వాడుకోవాల్సి వచ్చింది. వరద వస్తే ఒక ఊరి మలినం మరో ఊరి గడపలోకి వచ్చేది. కలరా, టైఫాయిడ్ ఏ ఊరి హద్దునూ లెక్కచేయలేదు. ఏ మున్సిపాలిటీ ఒంటరిగా దాన్ని బాగుచేయలేదని తేలాక, 1899లో పట్టణాలూ గని యజమానులూ కలిసి ఎమ్షర్ సంఘం పెట్టుకున్నారు. 1920లో ప్రష్యా చట్టం రూర్ ప్రాంతమంతటికీ ఉమ్మడి ప్రణాళికా సంఘాన్ని ఏర్పరచింది. రోడ్లు, అడవులు, ఖాళీ స్థలాలు దాని పరిధిలోకి వచ్చాయి. ఎమ్షర్‌ను మళ్లీ నదిగా మార్చే పని 1990లలో మొదలై, 2021 చివరికి మురుగునీరు పూర్తిగా భూగర్భ గొట్టాలకు మళ్లింది. ఉమ్మడి పాలన కౌన్సిల్ గదిలో పుట్టాలని లేదనీ, మురుగు దగ్గర కూడా పుడుతుందనీ రూర్ చూపించింది. గెడిస్ చెప్పిన అర్థానికి ఇంతకంటే మంచి ఆచరణ మరోచోట దొరకదు.

అమెరికా తీరం గురించి గెడిస్ చేసిన ఊహను నిజం చేసి చూపినవాడు ఫ్రెంచి భూగోళ శాస్త్రజ్ఞుడు జాన్ గోట్‌మన్. 1961లో వచ్చిన ‘మెగలోపొలిస్’ అనే పెద్ద గ్రంథంలో బోస్టన్ నుంచి న్యూయార్క్, ఫిలడెల్ఫియా, బాల్టిమోర్ మీదుగా వాషింగ్టన్ దాకా ఉన్న తీరాన్ని ఒకే నగర ప్రాంతంగా వర్ణించాడు. ఆ పేరు కొత్తది కాదు. క్రీస్తుపూర్వం నాలుగో శతాబ్దంలో థీబ్స్ సేనాని ఎపమినోండస్ ప్రోత్సాహంతో, గ్రీసులోని ఆర్కేడియాలో చుట్టుపక్కల జనావాసాలను కలిపి కట్టిన ఊరి పేరు అది. ఊరు అనుకున్నంత పెద్దది కాలేదు గానీ, గ్రీసులోకెల్లా పెద్దదనిపించుకున్న దాని నాటకశాల శిథిలాలు ఇప్పటికీ ఉన్నాయి. ఇరవయ్యో శతాబ్దంలో మొదట ఈ మాట తిట్టుగా వాడుకలోకి వచ్చింది. గెడిస్ శిష్యుడు లూయిస్ మమ్‌ఫర్డ్ 1938లో, నగరం క్షీణించడానికి ముందు ఉబ్బిపోయే దశకు మెగలోపొలిస్ అని పేరు పెట్టాడు. అదే మాటను గోట్‌మన్ మెచ్చుకోలుగా వాడి, ఆ తీరాన్ని కొత్త నాగరికతకు ప్రయోగశాలగా చూశాడు. కొనర్బేషన్‌లో ఊళ్లు ఇళ్లతో అంటుకోవాలి. మెగలోపొలిస్‌లో మధ్యన అడవులు, పాడి పొలాలు ఉన్నా ఫర్వాలేదు, రాకపోకలు, ఫోన్లు, డబ్బు అన్నిటినీ కలిపి ఉంచితే చాలు. జపాన్‌లో టోక్యో నుంచి నగోయా మీదుగా ఒసాకా దాకా ఉన్న ప్రాంతానికి, 1964లో షింకన్‌సెన్ రైలు మొదలయ్యాక, ఈ మాట బాగా అతికింది.

మన దేశంలో హుగ్లీ రెండు ఒడ్లదే తొలి కొనర్బేషన్. 1855లో రిష్రాలో మొదటి జనపనార మిల్లు వెలిసింది మొదలు, కలకత్తాకు ఎగువా దిగువా నది వెంబడి మిల్లు పక్కన మిల్లు, మిల్లు చుట్టూ కూలీ లైన్లు, వాటికి ఒక చిన్న మున్సిపాలిటీ చొప్పున పెరిగాయి. టిటాఘర్ వంటి చోట్ల ఆ లైన్లలో తెలుగు వినిపించేది. గంజాం, విశాఖపట్నం జిల్లాలనుంచి కరువుకూ, కూలి కోసమూ వెళ్లినవాళ్లు వాళ్లు. నదికి అటూ ఇటూ డజన్ల కొద్దీ మున్సిపాలిటీలు ఉండగా, తాగునీరు, కలరా మాత్రం అందరికీ ఒకటే. 1961లో కలకత్తా మెట్రోపాలిటన్ ప్లానింగ్ ఆర్గనైజేషన్ ఏర్పడి, 1966లో ఆ ప్రాంతమంతటికీ అభివృద్ధి ప్రణాళిక తయారు చేసింది.

భారత జనాభా లెక్కలు కొనర్బేషన్ అనే మాటను తీసుకోలేదు. 1961లో ‘టౌన్ గ్రూప్’ అని, 1971 నుంచి ‘అర్బన్ అగ్లోమరేషన్’ అని వాడుతున్నాయి. ఒక పట్టణమూ దాన్ని ఆనుకొని పెరిగిన భాగాలూ, లేదా ఒకదానికొకటి ఆనుకున్న రెండు మూడు పట్టణాలూ కలిస్తే అది అర్బన్ అగ్లోమరేషన్. అందులో కనీసం ఒక్కటైనా చట్టబద్ధమైన పట్టణం ఉండాలి. మొత్తం జనాభా 20 వేలకు తగ్గకూడదు. ఆనుకొని పెరిగిన భాగాన్ని ‘ఔట్‌గ్రోత్’ అంటారు: రైల్వే కాలనీ, యూనివర్సిటీ ప్రాంగణం, రేవు, మిలిటరీ క్యాంపు లాంటివి. హైదరాబాద్ లెక్కల్లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఇలాంటి ఔట్‌గ్రోత్‌గానే కనిపిస్తుంది. ఇక పంచాయతీ అయి ఉండి కూడా, కనీసం 5 వేల జనాభా, చదరపు కిలోమీటరుకు 400 మంది, పనిచేసే మగవాళ్లలో 75 శాతం వ్యవసాయేతర పనుల్లో ఉంటే ఆ ఊరు ‘సెన్సస్ టౌన్’ అవుతుంది. ఆడవాళ్ల పని ఈ లెక్కలోకి రాదు. పొలం పనులు ఆడవాళ్ల చేతుల మీద నడుస్తూ, మగవాళ్లు బస్సెక్కి పట్టణానికి వెళ్లే శివారు ఊరు ఈ కొలతతో పట్టణంగా మారిపోతుంది.

2011 నాటికి దేశంలో 475 అర్బన్ అగ్లోమరేషన్లు తేలాయి. కేరళలో 2001లో సుమారు 26 శాతం ఉన్న పట్టణ జనాభా పదేళ్లలో 47 శాతం దాటింది. ఊళ్లేవీ రాత్రికి రాత్రి పెరగలేదు. వందల పంచాయతీలు సెన్సస్ టౌన్లుగా లెక్కకొచ్చాయి. పల్లె ఎక్కడ ఆగుతుందో తెలియని ఇలాంటి ఆసియా ప్రాంతాలకు కెనడా శాస్త్రజ్ఞుడు టెరీ మెక్‌గీ ఇండోనేసియా భాషలోని పల్లె, పట్నం అనే రెండు మాటలను అతికించి ‘దెసకోట’ అని పేరు పెట్టాడు. కృష్ణా, గోదావరి డెల్టాల్లో కాలువ గట్ల వెంట వరసగా సాగే ఊళ్లకు కొనర్బేషన్ కంటే ఈ మాటే దగ్గరగా ఉంటుంది.

తెలుగు నేల మీద ఊళ్లు కలవడానికి పాత ఉదాహరణ జంట నగరాలు. 1806లో నిజాం సికందర్ జా పేరిట హుస్సేన్ సాగర్‌కు ఉత్తరాన బ్రిటిష్ సైనిక స్థావరంగా వెలిసిన సికింద్రాబాద్‌ను హైదరాబాదీలు లష్కర్ అనేవాళ్లు. ఉజ్జయిని మహంకాళి జాతరను ఇవాళ్టికీ లష్కర్ బోనాలు అనే అంటారు. పాలన వేరు, పోలీసులు వేరు, మధ్యలో చెరువు. రెండు మున్సిపల్ కార్పొరేషన్లు 1960లో ఒకటయ్యాయి; కంటోన్మెంటు మాత్రం ఆ విలీనంలో చేరలేదు. 1960లనుంచి రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్, కుషాయిగూడ వైపు ఈసీఐఎల్, బాలానగర్‌లో పారిశ్రామికవాడ తమ చుట్టూ కాలనీలను పెంచుకున్నాయి. 1975 చట్టంతో హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ (హుడా) వచ్చింది. కూకట్‌పల్లి, కుత్బుల్లాపూర్, ఎల్బీనగర్, ఉప్పల్, మల్కాజిగిరి తదితర 12 మున్సిపాలిటీలను కలిపి 2007లో గ్రేటర్ హైదరాబాద్ కార్పొరేషన్ చేశారు. 2011 లెక్కల్లో ఆ కార్పొరేషన్ జనాభా సుమారు 68 లక్షలు. అర్బన్ అగ్లోమరేషన్‌ది సుమారు 77 లక్షలు. ఆ తేడాలో ఉన్న లక్షల మంది నగరాన్ని ఆనుకొని బతుకుతున్నా, అప్పటికి నగర కార్పొరేషన్‌లో ఓటు లేనివాళ్లు.

అయితే గెడిస్ అర్థంలో కొనర్బేషన్‌కు హైదరాబాద్ కంటే విజయవాడ ప్రాంతమే దగ్గర. బెంజ్ సర్కిల్ నుంచి బందరు రోడ్డు మీద తూర్పుకు వెళితే పటమట, ఆటోనగర్, కానూరు, పోరంకి, పెనమలూరు. లారీ బాడీలు కట్టే షెడ్లు, ఇంజనీరింగ్ కాలేజీలు, అపార్ట్‌మెంట్లు, మధ్యలో అక్కడక్కడా మిగిలిన చెరకు పొలం. విజయవాడ కార్పొరేషన్ పరిధి ఎక్కడ ముగిసిందో చెప్పేది రోడ్డు పక్కన బోర్డు మాత్రమే. అవతల ఉన్న ఊళ్లు చాలాకాలం పంచాయతీల కిందే ఉన్నాయి. పంచాయతీ నీళ్ల ట్యాంకుతో, పంచాయతీ చెత్త బండితో పది అంతస్తుల ఇళ్లు నడిచాయి. దక్షిణం వైపు కృష్ణ దాటితే జిల్లా మారుతుంది గానీ ఊళ్లు ఆగవు: తాడేపల్లి, మంగళగిరి, గుంటూరు, పక్కకు తిరిగితే తెనాలి. ఎవరి వ్యాపారం వారిదే: గుంటూరుకు మిర్చి, మంగళగిరికి చేనేత, విజయవాడకు రైళ్లు. విజయవాడ, గుంటూరు, తెనాలి, మంగళగిరి పేర్ల మొదటి ఇంగ్లిష్ అక్షరాలతోనే 1978లో వీజీటీఎం పట్టణాభివృద్ధి సంస్థ ఏర్పడింది. ఏ ఒక్క ఊరినీ పెద్దది చేయకుండా నాలుగింటినీ వరసగా పిలిచిన ఆ పేరు, ఆ ప్రాంత స్వభావాన్ని సరిగ్గా పట్టుకుంది. 2014 చివర్లో రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ దాని స్థానంలోకి వచ్చాక పేరు పోయింది.

వరంగల్, హనుమకొండ, కాజీపేటలది ఇంకో తీరు. ఒకటి కాకతీయుల కోట, మరొకటి అంతకు ముందరి రాజధాని, మూడోది రైల్వే జంక్షన్. ఇప్పుడు వాటిని ట్రైసిటీ అంటున్నారు. విశాఖలో 2005లో గాజువాక మున్సిపాలిటీనీ 32 గ్రామాలనూ కలిపి గ్రేటర్ కార్పొరేషన్ చేశారు. భీమిలి, అనకాపల్లి తర్వాత చేరాయి.

74వ రాజ్యాంగ సవరణ పది లక్షలు లేదా అంతకు మించిన జనాభాతో, రెండు లేదా అంతకంటే ఎక్కువ మున్సిపాలిటీలు, పంచాయతీలు కలిసిన చోటును ‘మెట్రోపాలిటన్ ఏరియా’ అంది. అలాంటి ప్రతి చోటుకూ ఎన్నికైన సభ్యులు మెజారిటీగా ఉండే ప్రణాళికా కమిటీ కావాలని 243జెడ్ఈ అధికరణం చెబుతుంది. రూర్‌లోని ఎమ్షర్ సంఘం వంద సంవత్సరాలకు పైగా చేస్తున్న పనికి మన చట్టంలో దారి చూపేది ఈ అధికరణమే. ఆచరణలో ఆ పనిని ఎక్కువగా ప్రభుత్వం నియమించే అభివృద్ధి సంస్థలే చేస్తున్నాయి. నగర సముదాయం, పట్టణ సమూహం అనే మాటలు తెలుగు పాఠ్యపుస్తకాల్లో కనిపిస్తాయి. పత్రికల్లో, బస్టాండుల్లో వినిపించేది ‘గ్రేటర్’ ఒక్కటే. 2027 జనాభా లెక్కల కోసం జిల్లాలు, మండలాలు, మున్సిపాలిటీల హద్దుల్లో మార్పులేమైనా ఉంటే 2025 డిసెంబర్ 31లోగా పూర్తిచేసి, ఆ తర్వాత వాటిని మార్చకుండా ఉంచమని కేంద్రం రాష్ట్రాలను ఆదేశించింది. ఏ ఊరు ఏ అర్బన్ అగ్లోమరేషన్‌లోకి వస్తుందో, ఏ పంచాయతీ సెన్సస్ టౌన్ అవుతుందో ఆ హద్దుల మీదనే తేలుస్తారు.